సర్వీసింగుకు ముందు విప్పే పట్టీలు

నా పేరు గంగాధర్. నిజామాబాద్‌లో పికప్ బండ్ల కంపెనీ వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. నా తర్వాత ఆ కుర్చీలో కూచున్న కుర్రాడు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. మొన్న చేసి, "సార్, ఈ కస్టమర్లు ఒక్క నిజం చెప్తలేరు, వీళ్లతోని ఎట్ల వేగాలె?" అని గోడు వెళ్లబోసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నేను చేరిన కొత్తలో ఇదే మాట మా ఉస్తాద్‌తో అన్నాను. ఆయన చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టి, "వాళ్లు ఎందుకు దాస్తుండ్రో అడిగినవా?" అన్నాడు. అడగలేదని ఒప్పుకున్నాను. "అడగకుంట తిట్టుడు అల్కటి పని, ఎవడన్న చేస్తడు," అని మళ్లీ టీ అందుకున్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను, ఆ కుర్రాడి కోసం, అతని వెనక వర్క్‌షాప్‌లో కొత్తగా చేరుతున్నవాళ్ల కోసం. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ షీల్డు ఇచ్చారు అన్నవి ఇందులో ఉండవు. అవి మా ఆవిడ చాలాసార్లు వింది, పాపం ఆమెకే విసుగొచ్చింది. మన జిల్లాలో బండి యజమానులు ఇంటి దగ్గర తమ బండికి ఏమేం చేసుకుంటారు, వాళ్లతో మనం ఎట్లా మెలగాలి, అదొక్కటే చెబుతాను. దాని గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని నా నమ్మకం. డబ్బా కొట్టుకుంటున్నాడనుకుంటే అనుకోండి.

వాకిళ్లే వర్క్‌షాపులు

షోరూంలోంచి బయటికొచ్చిన రోజు అది కంపెనీ బండి. పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి ఊరికి తోలుకుపోతారు. కొన్నాళ్లు గడిస్తే అది ఆ ఇంటి బండి అయిపోతుంది. మోర్తాడ్ వైపు పసుపు పండించేవాళ్లు బస్తాలు పక్కకు జారకుండా బాడీకి పైన ఇంకో వరుస చెక్కపలకలు బిగిస్తారు. వర్ని, మోస్రా వైపు వరి తోలేవాళ్లు సందుల్లోంచి గింజ కారకుండా అడుగున రేకు పరిపిస్తారు. చెరుకు తోలేవాళ్లు వెనక తలుపు విప్పేసి గొలుసు పెట్టుకుంటారు, గడలు ఎట్లాగూ బయటికి పొడుచుకొస్తాయి కాబట్టి. భీమ్‌గల్ వైపు కూరగాయల బండ్లకు తాడు కట్టే కొక్కేలు ఎన్నుంటాయో, ఎక్కడెక్కడ ఉంటాయో వెల్డింగ్ చేసినవాడికి కూడా గుర్తుండదు.

ఇదంతా ఎక్కడ చేస్తారనుకున్నారు? చాలావరకు వాకిట్లోనే. ఒక జాకీ, రెండు సిమెంటు ఇటుకలు, ఒక పానాల డబ్బా. యజమాని బండి కింద పడుకుని చెయ్యి చాపితే చాలు, ఇంటామె ఏ నంబరు పానా కావాలో అడక్కుండానే అందిస్తుంది. కొందరి ఇళ్లలో ఆమె పని ఆయన పనికంటే నయంగా ఉంటుంది కానీ ఆ మాట ఆయన ముందు అనకూడదు.

బోధన్ చుట్టుపక్కల ఈ పని ఇంకో ఎత్తు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అందులో పనిచేసిన ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఇళ్లకు చేరారు. చేతిలో పనితనం ఉంది, చూపించుకోవడానికి మిల్లు లేదు. కొందరు బండి కొనుక్కుని ఆ పనితనమంతా దానిమీద పెట్టారు. వాళ్లు వేసిన వెల్డింగు చూసి, మా వర్క్‌షాప్‌లో ఇలాంటిది వేసే మనిషి ఉంటే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను. కొత్త పిల్లలు 'లోకల్ పని' అని మూతి విరుస్తారు. విరవకండి. మన దగ్గర పికప్‌లు అంతకాలం అంత చక్కగా నడుస్తున్నాయంటే సగం పుణ్యం మనది, సగం ఆ వాకిళ్లది.

అట్లని వాళ్లు చేసేదంతా ఒప్పని కూడా అనను. భీమ్‌గల్ దగ్గర ఒక రైతు బండి ఊరికూరికే వేడెక్కేది. రేడియేటర్లో బోరునీళ్లు పోస్తున్నాడని వాళ్ల వాకిట్లో మూత తీయగానే తెలిసింది. "మేం తాగే నీళ్లే గద సారు, ఇంజన్‌కేమైతది?" అన్నాడు. నేను వాదించలేదు. "అక్కా, స్నానానికి నీళ్లు కాగబెట్టే గిన్నె ఒకసారి తే," అని వాళ్లావిడను అడిగాను. గిన్నె అడుగున తెల్లగా పేరుకున్న సున్నం గోటితో గీకి చూపించాను. ఇంజన్ లోపల సన్నటి దారుల్లో కూడా ఇదే పేరుకుంటోందని చెప్పాను. ఆయన ఆ గిన్నెను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్లీ ఆ బండిలో బోరునీళ్లు పడలేదు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఆ ముక్క ఉంది కానీ ఆయన నమ్మింది గిన్నెను.

ముందురోజు విప్పుడు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వెనక చక్రాలపైన బరువు మోసే ఇనుప పట్టీల కట్టను కమాన్ పట్టీలంటాం. బండి ఎక్కువ కుంగకుండా ఉండాలని మనవాళ్లు ఆ కట్టలో ఒకటో రెండో పట్టీలు అదనంగా చేరుస్తారు. కంపెనీ ఒప్పుకోదు. బయట పట్టీలు వేస్తే వారంటీ పోతుందని అందరికీ తెలుసు. తెలిసి మానుకున్నవాళ్లు మాత్రం తక్కువ.

దానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడండి. సర్వీసింగుకు ముందురోజు వాకిట్లో బండికి జాకీ పెట్టి అదనపు పట్టీలు విప్పేస్తారు. కొక్కేలు, పలకలు కూడా వీలైనన్ని తీసేస్తారు. బండిని శుభ్రంగా కడుగుతారు. పెండ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టే. చుట్టుపక్కలవాళ్లు వచ్చి తలో చెయ్యి వేస్తారు, చాయ్‌లు తిరుగుతాయి. బండి వర్క్‌షాప్‌కు వెళ్లి మంచిపిల్ల అనిపించుకుని వస్తుంది. తెల్లారి అవే పట్టీలు మళ్లీ ఎక్కుతాయి.

ఆ సంగతి నాకు ముందునుంచీ తెలుసు. ఏదో సరదా దొంగతనం కింద చూసేవాణ్ని. అది ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుందని సుజాత వచ్చినప్పుడే అర్థమైంది.

సుజాత కాలు

సుజాతది మోస్రా. తండ్రి పోశెట్టి బోధన్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసినవాడు. ఫ్యాక్టరీ పోయాక పికప్ కొన్నాడు. కొన్నాళ్లకు ఎడమ మోకాలు పాడై క్లచ్ తొక్కడం కష్టమైంది. అప్పటికే కూతురికి డ్రైవింగు నేర్పి ఉన్నాడు. లైసెన్సు తీయించి బండి ఆమె చేతికిచ్చాడు. వరి, చెరుకు, ఎరువులు, ఏ కిరాయి వచ్చినా ఆమే తోలేది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో హమాలీలు మొదట్లో పని ఆపి మరీ చూసేవాళ్లు. తర్వాత "సుజాతక్క బండొచ్చింది, జరుగుండ్రి" అనడం అలవాటైపోయింది. ఆ సీటు ఎవరూ దానంగా ఇచ్చింది కాదు, ఆమె సంపాదించుకుంది.

ఒకరోజు వర్క్‌షాప్‌కు వచ్చి నా ముందు నిలబడింది.

"సార్, ఖాళీగ ఉంటే బ్రేకు మంచిగ పడ్తది. లోడ్ ఎక్కితే పడ్తలేదు. తొక్కుతున్న గని బండి ముందటికే గుంజుతున్నది."

చూశాం. బ్రేకు లైనింగులు బాగున్నాయి, ఆయిల్ బాగుంది, పైపుల్లో ఎక్కడా గాలి చేరలేదు. మా కుర్రాళ్లు తోలి చూశారు. తొక్కిన చోట ఆగింది. బాగుందని పంపించాం. కొద్దిరోజులకు మళ్లీ వచ్చింది, అదే మాట. మళ్లీ చూశాం, మళ్లీ బాగుంది.

ఆ తర్వాత వచ్చినప్పుడు పక్కన పోశెట్టి ఉన్నాడు, మొహం ముడుచుకుని. వర్ని రోడ్డు మీద వరిబస్తాలతో వస్తుంటే బర్రెలు అడ్డం వచ్చాయట. బండి ఆగలేదు. సుజాత దాన్ని పక్కనున్న వరిమడిలోకి దింపేసింది. బర్రెలకు, మనుషులకు ఏమీ కాలేదు. ఊళ్లో మాత్రం ఒకటే మాట: ఆడపిల్లకు లోడ్ బండి ఇస్తే ఇట్లనే అయితది.

ఆ మాట పోశెట్టిని బాగా కుట్టింది. మా కుర్రాళ్లందరూ వింటుండగానే అన్నాడు.

"బండికి ఏం లేదు సారు. మీరే సూసి మంచిగున్నదన్నరు గదా. లోపం కాలుల ఉన్నది. లోడ్ మీద బ్రేకు తొక్కాల్నంటే బలం గావాలె. ఆడపిల్లకు యాడికెల్లొస్తది? డ్రైవర్ను పెడ్తున్న. గీమె ఇంట్ల కూసుంటది."

సుజాత గొంతు పెంచలేదు.

"బాపూ, ఖాళీగ ఉన్నప్పుడు తొక్కేది గూడ గదే కాలు."

వర్క్‌షాప్‌లో నేను విన్న మాటల్లో అంత సరైన మాట ఇంకోటి లేదు. ఇంజనీర్లు కాగితాల నిండా రాసేదాన్ని ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది. నాకు పోశెట్టి మీద కోపం వచ్చింది. కోపం నాకు త్వరగానే వస్తుంది, మా ఆవిడను అడిగితే ఇంకా వివరంగా చెబుతుంది. అయితే కోపంతో బ్రేకు బాగుపడదు. కుర్రాళ్లను పక్కకు జరగమని నేనే బండి కిందికి దూరాను.

పైపైన కడిగారు కానీ అడుగున మోస్రా రేగడి మన్ను ఎండి అట్లాగే అంటుకుని ఉంది. కమాన్ పట్టీలను ఇరుసుకు బిగించే బోల్టులు మాత్రం అట్లా లేవు. మరల్లో మన్ను లేదు. నట్టు అంచుల మీద పానా పట్టిన గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. నిన్నో మొన్నో విప్పి బిగించిన బోల్టులవి. నాకు విషయం సగం తెలిసిపోయింది.

బయటికి వచ్చి అడిగాను. "పోశెట్టన్నా, ఎన్ని పట్టీలు విప్పొచ్చినవ్?"

"ఏం పట్టీలు సారు?" అన్నాడు గోడకేసి చూస్తూ.

సుజాత వైపు చూశాను. ఆమె తండ్రి వైపు చూసి తల దించుకుంది. తన సీటు పోతోందని తెలిసి కూడా నలుగురిలో తండ్రి ఇజ్జత్ తీయలేదు. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది ఆ నిమిషంలోనే.

"రేపు మీ ఇంటికి నేనే వస్త," అన్నాను పోశెట్టితో. "రోజూ ఎట్ల నడుపుతరో గట్లనే ఉంచు బండిని. లోడ్ గూడ పెట్టియ్యి."

"ఇంటిదాంక వచ్చి వారంటీ తీసేద్దామనా?"

"కంపెనీ బట్టలేసుకొని రాను. గంగాధర్ లెక్క వస్త. చాయ్ పోస్తవా, పొయ్యవా?"

పోస్తానని గానీ పోయనని గానీ అనలేదు. సుజాత మాత్రం తల ఎత్తింది.

మేనేజర్‌తో

వెళ్తే సరిపోదు, మేనేజర్‌ను అడగాలి. ఆయనది నాందేడ్ వైపు, రూలు మనిషి. కుర్రాళ్లు ఆయన్ని వెనక నానామాటలు అనేవాళ్లు. నేను అనలేదు. మన వర్క్‌షాప్‌లో నకిలీ సామాన్లు దూరలేదంటే ఆయన వల్లే.

ఆయన మొత్తం విని చెప్పాడు. "గంగాధర్‌గారూ, కంపెనీ వద్దన్న పని వాళ్లు చేశారు. రేపు ఏమైనా అయితే బాధ్యత వాళ్లది. మీరు వెళ్లి ముట్టుకుంటే మనది అవుతుంది."

ఆయన చెప్పింది తప్పు కాదు. రూలు పుస్తకం ముందు పెట్టుకుని కూచుంటే నేనూ అదే చెబుతాను.

"సార్, బ్రేకు బాగుందని మనమే చెప్పి పంపినం," అన్నాను. "మనం బాగుందన్నది ఖాళీ బండి, పట్టీలు విప్పిన బండి. రోడ్డు మీద తిరిగే బండిని మనం ఇంతవరకు చూడనే లేదు. మన మాట పట్టుకుని ఆ తండ్రి ఆ పిల్లను దింపేస్తున్నడు. రేపు ఆ సీట్ల ఇంకొకడు కూచుంటడు, వానికి తెల్వదు బ్రేకు పడదని. అది మనకు పట్టదంటరా?"

ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అన్నాడు. "రేపు సెలవు పెట్టండి. సెలవులో ఎక్కడికి వెళ్తారో నాకు చెప్పకండి."

దాన్ని నేను అనుమతి కిందే లెక్కేసుకున్నాను. పై అధికారి అంటే కొత్తపిల్లలకు రెండే రకాలు, మంచివాడు, చెడ్డవాడు. నేను చూసినంతలో చాలామంది భయపడేవాళ్లు, అంతే. వాళ్ల భయానికి చిన్న సందు చూపిస్తే మంచిపని చేస్తారు.

వడ్లు ఆరబోసే రోడ్డు మీద

మోస్రాలో పోశెట్టి వాకిట్లో బండి నిండా వరిబస్తాలతో నిలబడి ఉంది. ఆయన భార్య సాయవ్వ చాయ్ పోసింది, ఆ లెక్క తేలిపోయింది. పోశెట్టి వేసిన పట్టీలు చూశాను. పాత లారీ పట్టీలను కోసి, కాల్చి వంపు తెచ్చి, అంచులు ఆకురాయితో అరగదీసి వేశాడు. చెయ్యి ఆనితే ఎక్కడా గరుకు లేదు. పనితనం బాగుందని చెప్పాను, ముఖస్తుతికి కాదు. ఆయన మొహంలో ముడుతలు కొంచెం సడలాయి.

"సూసిండ్రా సారు, గింత లోడ్ ఎక్కినా ఏమన్న కుంగిందా?" అన్నాడు గర్వంగా.

కుంగలేదు. వెనక భాగం ఖాళీ బండిలాగే ఎత్తుగా నిలబడి ఉంది. రోగం అదే.

కొత్తవాళ్ల కోసం చెబుతాను. ఆ బండిలో ఛాసిస్‌కూ వెనక ఇరుసుకూ మధ్య ఒక సన్నటి కడ్డీ ఉంటుంది, దానికి ఒక వాల్వు. బరువెక్కి బండి కుంగితే కడ్డీ కదులుతుంది, వాల్వు తెరుచుకుని వెనక బ్రేకులకు ఎక్కువ బలం పంపుతుంది. బండి ఖాళీగా ఉంటే బలం తగ్గిస్తుంది, లేకపోతే వెనక చక్రాలు పట్టేసి బండి జారుతుంది. పోశెట్టి పట్టీలు బండిని కుంగనివ్వలేదు. బండి నిండా బస్తాలున్నా వాల్వుకు మాత్రం అది ఖాళీ బండి. వెనక బ్రేకు ఉన్నా లేనట్టే. పట్టీలు విప్పి ఖాళీ బండిని మా దగ్గరికి తెస్తే అన్నీ సరిగ్గా ఉంటాయి. మేం ఎన్నిసార్లు చూసినా బాగుందనే చెబుతాం. అందరం నిజమే చెబుతున్నాం, బండి మాత్రం ఆగడం లేదు.

ఇదంతా నోటితో చెప్పి ఉంటే పోశెట్టి తల ఊపి, డ్రైవర్‌ను పెట్టుకునేవాడే. అందుకే ఊరి బయట, కోతలప్పుడు వడ్లు ఆరబోసే రోడ్డు మీదికి బండిని తీసుకుపొమ్మన్నాను. అప్పుడు కోతలు లేవు, రోడ్డు ఖాళీ. సాయవ్వ డబ్బాలో ముగ్గుపిండి ఇచ్చింది. రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీశాను. ఆ మాట ఎట్లా పాకిందో గానీ వాడకట్టు మగాళ్లు కొందరు మా వెనకే వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

సుజాత స్టీరింగు దగ్గర, మధ్యలో పోశెట్టి, పక్కన నేను. వేగం ఎక్కువ వద్దని చెప్పాను. గీత రాగానే తొక్కింది. ఆమె కాలును నేను చూస్తూనే ఉన్నాను, పెడలు పూర్తిగా కిందికి పోయింది. బండి గీత దాటి పోయి పోయి ఆగింది. గట్టు మీద ఎవరో నవ్వారు. దిగి, బండి ఆగిన చోట కూడా ముగ్గుతో ఒక గుర్తు పెట్టాను.

"ఇప్పుడు నువ్వు తొక్కు పోశెట్టన్నా," అన్నాను. "నీది మొగోని కాలు గదా."

"నా మోకాలు..."

"బ్రేకు తొక్కేది కుడికాలుతోని. క్లచ్‌కు తకలీఫ్ అయితే ఒక్కసారికి ఓర్చుకో."

ఓర్చుకున్నాడు. పళ్లు బిగబట్టి గేరు వేశాడు, అంతే వేగంతో తెచ్చాడు, గీత దగ్గర మీదున్న బలమంతా పెట్టి తొక్కాడు. సీటు వెనక్కి వంగింది. బండి మాత్రం కూతురు తొక్కినప్పుడు ఎంతదూరం పోయిందో అంతదూరమూ పోయి, ఆ ముగ్గు గుర్తు దగ్గరే ఆగింది. గట్టు మీద ఎవరూ నవ్వలేదు.

నేను కిందికి దూరి, వాల్వు కడ్డీని లోడ్ ఉన్నప్పుడు ఎక్కడుండాలో అక్కడికి తోసి తీగతో కట్టాను. ఇది ఆ ఒక్క పరీక్ష కోసం చేసింది. ఇది చదివి ఇంటి దగ్గర ఎవరైనా తీగ కట్టి తిరిగితే మాత్రం నేను వచ్చి మరీ తిడతాను. సుజాతను మళ్లీ తోలమన్నాను. ఈసారి గీత మీదే తొక్కింది, గీత దాటిన కాసింత దూరంలోనే బండి ఆగిపోయింది. అదే బండి, అదే లోడ్, అదే కాలు.

సుజాత స్టీరింగు మీద నుదురు ఆనించింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. తల ఎత్తితే కళ్లు పొడిగానే ఉన్నాయి. "అయితే నాకు పిచ్చి లేవలేదన్నట్టే గదా," అంది మెల్లగా.

పోశెట్టి దిగి బండి వెనక్కి వెళ్లి తన పట్టీల మీద చెయ్యి పెట్టాడు.

"గా దినం బర్రెలు గాకుంట బడి పిల్లలు అడ్డమొస్తే ఎట్లుండె సారు?" అన్నాడు. "నా బిడ్డను నేనే సంపుకుంటుంటి. మళ్ల దాన్నే తిట్టిన."

భుజం మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి తీసేసి గట్టు మీదున్నవాళ్ల దిక్కు తిరిగాడు.

"అందరు ఇనుండ్రి. బ్రేకు పడకపోవుడు నేను ఏసిన పట్టీలతోని. పిల్ల కాలు మంచిగనే ఉన్నది. గా దినం మడిలకు దింపి అందర్ని బచాయించింది. ఇగ ఎవలన్న ఒక్క మాటన్నా నాతోని మాట్లాడుండ్రి."

ఇంటికి వచ్చి బస్తాలు దింపించి, పట్టీలు తనే విప్పాడు. నన్ను పానా ముట్టనివ్వలేదు. నేను కడ్డీకి కట్టిన తీగ తీసేసి, దాన్ని ఉండాల్సిన చోటికి తెచ్చి, బోల్టుల బిగువు మాత్రం చూశాను. ఒక విషయం ఖచ్చితంగా చెప్పాను. పట్టీలు పెంచితే బండి కుంగకపోవచ్చు, మోయగలిగే బరువు మాత్రం పెరగదు. ఇరుసు అదే, టైర్లు అవే, బ్రేకులు అవే. కంపెనీ చెప్పినంతే ఎక్కించాలి.

"ఒక్క ట్రిప్పుల పోయేది రెండు ట్రిప్పులైతది," అన్నాడు పోశెట్టి.

"అయితే అయితది బాపూ," అంది సుజాత. "రెండుసార్లు పోయొస్త. నాకేం తకలీఫ్ లేదు."

వెళ్లబోతుంటే గట్టు మీద నిలబడ్డవాళ్లలో ఒకాయన నా పక్కకు చేరి, చెవిలో చెప్పినట్టు అన్నాడు. "సారూ, మా బండికి గూడ రెండు పట్టీలున్నయి. జర సూస్తరా?" ఆ వెనకే ఇంకొకాయన. ఆ రోజు సెలవంతా మోస్రా వాకిళ్లలో బండ్ల కిందే గడిచింది. నా ఉద్యోగంలో అంత తృప్తిగా సెలవు ఎప్పుడూ వాడుకోలేదు.

ఉన్నది ఉన్నట్టు

మరునాడు మేనేజర్‌కు అంతా చెప్పాను. చెప్పొద్దన్న మనిషే కుర్చీ ముందుకు జరుపుకుని విన్నాడు. వారం తిరగకముందే వర్క్‌షాప్ గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో బోర్డు పెట్టించాడు: ఇంటి దగ్గర ఏమేం బిగించుకున్నారో అవన్నీ విప్పకుండా తీసుకురండి, ముందు బ్రేకు చూస్తాం, మిగతా మాట తర్వాత. వారంటీ ఇస్తామని అందులో లేదు, మోసపు మాట రాయడం ఆయనకు చేతకాదు. తిట్టబోమని మాత్రం దాని అర్థం. మనవాళ్లకు అది చాలు. మొదట భయం భయంగా ఒకరిద్దరు తెచ్చారు. తర్వాత వర్ని నుంచి, బోధన్ నుంచి, ఆర్మూర్ నుంచి రోడ్డు మీద తిరిగే అసలు బండ్లు మా గేటులోకి రావడం మొదలైంది. వచ్చిన ప్రతి బండికీ కడ్డీ చూశాం. చాలామంది పట్టీలు తీసేయించుకున్నారు. వాళ్లలో ఎంతమంది ఎక్కడెక్కడ క్షేమంగా ఆగారో ఎవరికీ తెలియదు, ఎక్కడా ఏమీ జరగలేదు కాబట్టి. మన ఉద్యోగంలో గొప్ప పని అట్లాగే ఉంటుంది, ఎవరూ శాలువా కప్పరు. నాకు మాత్రం ఇప్పటికీ నిజామాబాద్ రోడ్ల మీద ఒక పికప్ లోడ్‌తో చక్కగా ఆగితే ఛాతీ ఉబ్బుతుంది.

అందుకని కొత్తపిల్లలకు నేను చెప్పేది ఇది. నడిపే మనిషి ఏమంటున్నాడో, ఏమంటోందో ముందు వినండి. మీ ముందున్న బండి, వాళ్లు నడిపే బండి ఒకటేనా అని అడగండి. కాదంటే ఆ బండి దగ్గరికి మీరే వెళ్లండి. ఇంటి దగ్గర చేసుకున్న పని బాగుంటే బాగుందని నోరు తెరిచి చెప్పండి. ఆ మాట చెప్పినవాడే తప్పు చూపిస్తే వింటారు.

పోశెట్టి బండి తర్వాతి సర్వీసింగు రోజు చెప్పి ముగిస్తాను. గేటు దగ్గర హారను మోగితే చూశాను. నిండా వరిబస్తాలతో వచ్చి నిలబడింది. లోడ్ బండ్లను లోపలికి రానివ్వకూడదని రూలు. గేటు మనిషి అడ్డం వెళ్లి, కిటికీ దగ్గర కనిపించిన పోశెట్టిని చూసి, "పెద్దమనిషీ, లోడ్‌తోని లోపటికి పోనియ్యం. తాళం నాకిచ్చి నువ్వు దిగు," అన్నాడు.

పోశెట్టి కూచున్న చోటి నుంచి కదలకుండా అన్నాడు. "తాళం నన్నడుగుతవేందయ్యా? డ్రైవర్ను అడుగు."

గేటు మనిషి బండి చుట్టూ తిరిగి అటువైపు వెళ్లాడు. సుజాత ఇంజన్ ఆపలేదు.

"ఖాళీ బండిని సూస్తే ఏం తెలుస్తదన్నా?" అంది. "లోడ్ మీదనే సూపిస్త. మేనేజర్ సారును రమ్మను."

మేనేజర్ అప్పటికే అద్దాల గదిలోంచి బయటికి వచ్చి ఉన్నాడు. రూలు సంగతి ఎత్తుతాడేమోనని నేను ఎదురు వెళ్లబోయాను. ఆయన నన్ను దాటి వెళ్లాడు. పోశెట్టి దిగి ఆ పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు. మేనేజర్ ఎక్కి సుజాత పక్కన కూచుని బెల్టు పెట్టుకుని, "పోనివ్వమ్మా," అన్నాడు.